ఆ మాటకు నేను రాసిన అర్థం

మార్చి 4, బుధవారం

మధ్యాహ్నం పన్నెండుకు రిపోర్టు వచ్చింది. ఆరు పేజీల ఫారం, ఇంగ్లీషులో. భార్యాభర్తలు విడిపోయారు. ఏడేళ్ళ పాప ఎవరి దగ్గర ఉండాలన్నది కేసు. కోర్టు పంపితే తల్లి ఇంటిని తనిఖీ చేసి వచ్చిన అధికారి రాసిన రిపోర్టు. రేపు పొద్దున్నకి జడ్జిగారి బల్ల మీద తెలుగులో ఉండాలి. ఒకటిన్నరకల్లా పూర్తి చేసి, 'మూలానికి కట్టుబడి అనువదించాను' అన్న వాక్యం కింద సంతకం పెట్టి, టైము వేసి ఇచ్చేశాను. ఎక్కడా ఆగలేదు. పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని. చెయ్యి దానంతటదే నడుస్తుంది.

తర్వాత పర్మిషన్ రిజిస్టరులో 'మెడనొప్పి, ఫిజియోథెరపీ' అని రాసి బయటపడ్డాను. బుధవారం మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపు మూసేస్తారు. పక్క సందులోంచి మెట్లు. పై గది.

మెడ బాగానే ఉంది. దానికి ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఇంటికొచ్చేసరికి వదిన నూనె వేడిచేసి ఉంచింది. మా ఆయనకి అక్క. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరై మాతోనే ఉంటోంది. నా మెడ మీద బొటనవేళ్ళు నొక్కుతూ, "ఏమ్మా, ఆ ఫిజియోథెరపీ అతను చేత్తో చేస్తున్నాడా, కాలితోనా? నాలుగు నెలలైంది, తగ్గదేం?" అంది. నేను నవ్వాను. నవ్వగలిగాను.

మార్చి 6, శుక్రవారం

ఆయన నా కంప్యూటరు కింద పెట్టుకోవడానికి చెక్కతో చిన్న పీట చేశారు. డ్రైవింగ్ స్కూల్లో రోజంతా కొత్తవాళ్ళకు బ్రేకు, క్లచ్చి నేర్పి వచ్చి, వసారాలో కూర్చుని గరుకు కాగితంతో అంచులు రుద్దారు.

"దీని మీద పెట్టుకుంటే తల వంచకుండా పని చేసుకోవచ్చు," అన్నారు.

తల వంచకుండా.

మార్చి 9, సోమవారం

పాప కేసులో ఆర్డరు వచ్చింది. ప్రస్తుతానికి తండ్రికి. అతనికి వేరే ఊరు బదిలీ అయింది. నెలాఖరుకు పాపను తీసుకుని వెళ్ళిపోతాడు. తల్లి నెలకోసారి వెళ్ళి చూడొచ్చు, అదీ మూడో మనిషి ఎదుట.

బెంచి గుమస్తా టీ తాగుతూ చెప్పాడు. "ఇంకేముంది మేడం, రిపోర్టు చివరి పేజీలో ఉందిగా, నీతి తప్పిన జీవితం అని. జడ్జిగారు అక్కడ రెండుసార్లు చదివారు. తండ్రి తరఫు లాయరుకి అది చాలు, పావుగంట ఆ ఒక్క మాట మీదే మాట్లాడాడు."

"నాలుగో పేజీలో ఇంటికి వచ్చిపోయేవాళ్ళు ఎవరూ లేరని కూడా ఉంది కదా."

"ఆమె లాయరు అదే చదివాడు. అయితే వచ్చేవాళ్ళు దొంగచాటుగా వస్తున్నారన్నమాట అన్నాడు తండ్రి లాయరు. కోర్టంతా నవ్వింది."

నేను కూడా కాస్త నవ్వినట్టున్నాను. గుమస్తా నవ్వుతూ చెప్తుంటే అలా ముఖం పెట్టుకుని ఉండలేం కదా.

నాలుగో పేజీ నాకు ఇంత బాగా ఎందుకు గుర్తుందో.

మార్చి 10, మంగళవారం

భోజనాల టైములో నా గది గుమ్మం దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. ముప్పై దాటి ఒకటి రెండు ఉంటాయేమో. కుడిచేతి వేళ్ళ చివర్లు కాలి కాలి నున్నగా అయిపోయాయి. చూడగానే తెలిసింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుందని రెండో పేజీలో నేనే రాశాను.

"మేడం, ఇది తెలుగులో రాసింది మీరేనంట కదా."

"నేనే."

"లోపలికి రావచ్చా?"

రాకూడదు. కేసులో ఉన్నవాళ్ళు అనువాదం గదిలోకి రాకూడదని తలుపు మీదే రాసి ఉంటుంది. కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. ఒక మాట కింద ఎర్ర గీత.

"ఈ మాట ఇంగ్లీషులో ఏముందో చెప్తారా?"

"డిసొల్యూట్," అన్నాను.

ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది, కొత్త పాఠం వల్లె వేసుకున్నట్టు. "దానికి అర్థం ఇదేనా?"

"దాదాపుగా."

"అంటే నేనేం చేసినట్టు మేడం?"

బల్ల మీది ఫైళ్ళు సర్దాను.

"నిన్నటినుంచీ ఆలోచిస్తున్నాను. కింద వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ ఒకసారి ఫ్యాను బాగుచేసి వెళ్ళాడు. తలుపు తీసే ఉంచాను, పాప కూడా అక్కడే ఉంది. అదా? వాన పడుతోందని మా సూపర్‌వైజరు రెండుసార్లు బండి మీద దింపాడు. అదా? ఆ ఆఫీసరు వచ్చినప్పుడు నైటీలోనే తలుపు తీశాను, ఆదివారం కదా అని. అదా? ఏదో చెప్తే అది మానేస్తాను. చెప్పకుండా పిల్లని తీసుకెళ్ళిపోతే ఏం మానాలో నాకెలా తెలుస్తుంది?"

"మీ లాయరుని అడగండి."

"అడిగాను. రిపోర్టులో ఉన్నదానికి నేనేం చేస్తానమ్మా అన్నాడు." సంచిని భుజం మీదికి లాక్కుంది. "మీకు పిల్లలున్నారా మేడం?"

"లేరు."

"సరే," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నాకు ఎత్తిపొడుపు ఉంటే బాగుండుననిపించింది. కాగితాన్ని అవే మడతల మీద మడిచి సంచిలో పెట్టుకుంది. "నిన్న పాప ఫోన్లో అడిగింది, అమ్మా నువ్వేం చేశావని. కనుక్కుని చెప్తానన్నాను. అందుకే వచ్చాను."

ఆమె వెళ్ళాక అన్నం డబ్బా తెరిచాను. మూసేశాను.

మార్చి 11, బుధవారం

వెళ్ళాను.

మార్చి 12, గురువారం

ఆఫీసులో మూడు నిఘంటువులున్నాయి. మూడూ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. వారం కిందట చేయాల్సిన పని.

డిసొల్యూట్. కట్టు విప్పి వదిలేసినట్టు బతికే. తాగుడు, జూదం, భోగాలలో ఒళ్ళు మరిచిన. మనిషికి వాడతారు, బతుకుకు వాడతారు, బాగా తాగి అలసిన ముఖానికి వాడినవాళ్ళూ ఉన్నారు. ఇచ్చిన ఉదాహరణలన్నీ మగవాళ్ళవే. తండ్రి ఆస్తి తగలేసిన కొడుకు, పేకాట బల్ల దగ్గర తెల్లవార్చే దొర. ఇంటికి వాడిన ఉదాహరణ ఒక్కటీ లేదు. ఇంటికి వాడరు. గోడలు తాగవు, కిటికీలు జూదమాడవు.

నాలుగో పేజీలో ఆ అధికారి ఆ మాటను ఇంటికి వాడాడు. 'ఇల్లు కూడా డిసొల్యూట్‌గా ఉంది' అన్నాడు. దాని తర్వాత వాక్యాలు: గోడకు ఒక్క బొమ్మ లేదు, రెండో కుర్చీ లేదు, వచ్చిపోయేవాళ్ళు లేరు, తల్లీకూతుళ్ళు తప్ప ఆ ఇంట్లో మాట వినిపించదు.

నిఘంటువులో కొన్ని పేజీల ముందే ఇంకో మాట ఉంది, చెవికి దీనికి చెల్లెలులా ఉంటుంది. డెసొలేట్. బోసిపోయిన, ఎవరూ లేని, దిక్కులేని. ఆ మాట పెట్టి చదివితే రిపోర్టు మొత్తం నీళ్ళు తేరినట్టు తేటపడుతుంది.

నాలుగో తారీకున ఎక్కడా ఆగలేదని రాశాను. అబద్ధం. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాశాను.

ఆగాను. పెన్సిల్‌తో అంచున ప్రశ్నార్థకం పెట్టాను. మాకొక పద్ధతి ఉంది. మాట మీద అనుమానం వస్తే సందేహపత్రం రాసి, రాసినవాళ్ళకు పంపి, జవాబు వచ్చేదాకా ఫైలు ఆపాలి. ఆపితే సాయంత్రం నాలుగు దాటుతుంది. టైము చూశాను, ఒంటిగంటా పది. ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో తుడిచేశాను. వాక్యం అతకదు కాబట్టి ఇంటికి 'అస్తవ్యస్తం' అని రాశాను. చివరి పేజీలో మనిషి దగ్గరికి వచ్చేసరికి 'నీతి తప్పిన' అని రాశాను.

ఆ మాట వెతుక్కోకుండానే దొరికింది. నాలుగు నెలలుగా నోట్లో తయారుగా ఉంది. నా కోసం నేను దాచుకున్న మాట. తీసి ఆమె పక్కన పెట్టాను.

మగవాడి గురించి 'నీతి తప్పాడు' అంటే లంచమా, తాగుడా, జూదమా అని అడుగుతారు. ఆడదాని గురించి అంటే ఎవరూ ఏమీ అడగరు. అది నాకు తెలియదా. మాటలతోనే కదా బతుకుతున్నాను.

మార్చి 16, సోమవారం

తనిఖీ అధికారి దగ్గరికి వెళ్ళాను. వెనక బ్లాకులో చివరి గది. సన్నటి మనిషి, రేపో మాపో రిటైరవుతాడనిపించేలా ఉంటాడు. వేరే రాష్ట్రం నుంచి వచ్చాడు, తెలుగు మాట్లాడతాడు కానీ రాయలేడు, అందుకే ఇంగ్లీషు.

"ఆ తల్లి గురించి మీరు రాసిన మాటకు మీ ఉద్దేశం ఏమిటండీ?" అని అడిగాను.

"అదే మేడం, ఎవరూ లేని బతుకు అని. ఇల్లు కూడా బోసిగా ఉంది. నాకే దిగులేసింది. పాప మాట్లాడటానికి మనిషి లేక పిచ్చుకలతో మాట్లాడుతోంది. ఎవరైనా తోడుంటే బాగుంటుందని రాశాను."

కాగితం మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి ముందుకు తోశాను.

ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "నేను కొట్టాలనుకున్నది రెండోది. స్పెల్లింగు తప్పుంటే కంప్యూటరు కింద గీత పెడుతుంది కదా. అది చూపించిన మాట మీద నొక్కాను. మొదటిదానికి అర్థం ఏంటి?"

చెప్పాను. సీసాలో నీళ్ళు తాగాడు. కాసేపటికి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"నాకింకా ఏడాది సర్వీసుంది మేడం. మూడు నెలలకు మళ్ళీ తనిఖీ వస్తుంది. అప్పుడు నేనే వెళ్ళి అంతా బాగుందని రాస్తాను. ఎవరికీ ఇబ్బంది లేకుండా పోతుంది."

"అప్పటికి పాప ఈ ఊళ్ళో ఉండదు."

"అది నిజమే." చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మీరు చదువుకున్నవాళ్ళు. మీకు అనుమానం రాలేదా?"

నిలదీయడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"రాలేదు," అన్నాను.

మార్చి 18, బుధవారం

వెళ్ళలేదు. మెడనొప్పి అని కళ్ళజోళ్ళ షాపు అతనికి ఫోన్లో చెప్పాను. నవ్వాడు. "ఇంట్లో చెప్పేది నాకూ చెప్తున్నావా?" అన్నాడు. ఆ నవ్వు నాకు ఇష్టం. ఇష్టం అని ఇక్కడ రాయకపోతే మళ్ళీ అబద్ధమే.

మార్చి 19, గురువారం

సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. ఈ పని నాకు నేర్పింది ఆయనే. "చిన్న సవరణ ఉంది సార్, టైపింగు పొరపాటు లాంటిది," అని మొదలుపెట్టాను. దారి పొడుగునా అలాగే అనుకుంటూ వెళ్ళాను మరి.

ఆయన మూలాన్ని, నా తెలుగును పక్కపక్కన పెట్టుకుని నాలుగో పేజీ చూశారు, ఆరో పేజీ చూశారు. మళ్ళీ నాలుగు.

"ఒకే మాటమ్మా. ఇంటికొక అర్థం రాశారు, మనిషికొక అర్థం రాశారు. తెలియనివాళ్ళయితే రెండు చోట్లా ఒకటే రాసేవాళ్ళు."

తల దించుకున్నాను.

"సందేహపత్రం ఎందుకు పెట్టలేదు?"

"ఆ రోజు మెడ బాగా నొప్పిగా ఉండి..."

"ఇలాంటి ఫారానికి మీరు సాయంత్రం దాకా తీసుకుంటారు. మెడనొప్పి ఉన్న రోజు గంటన్నరలో ఎలా అయింది?" రిజిస్టరు తెప్పించుకోలేదు. ఆయనకు అన్నీ గుర్తుంటాయి. "ఆసుపత్రి చీటీ అడుగుతారు. ఉందా?"

లేదని తల ఊపాను.

ఆయన కాగితాలు సర్ది నా చేతికిచ్చారు. గొంతు తగ్గించి, "నేనింకా ఏమీ వినలేదనుకోండి. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి. మీరు వివరణ రాసిస్తే తండ్రి తరఫు లాయరు మిమ్మల్ని బోనెక్కిస్తాడు. ఆ టైములో ఎక్కడికెళ్ళారని అడుగుతాడు. అడక్కుండా వదలడు," అన్నారు.

ఎక్కడికెళ్ళానో ఆయన అడగలేదు.

మార్చి 20, శుక్రవారం

తప్పుడు మాట చూపించింది కంప్యూటరు. చూడకుండా నొక్కింది అధికారి. నాలుగో పేజీ సరిగ్గా చదవనిది జడ్జిగారు. గట్టిగా అడగనిది ఆమె లాయరు. నవ్వింది కోర్టు.

బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను. ఇందులో నేనెక్కడా లేను.

మార్చి 22, ఆదివారం

ఆయన బండిలో సరుకులు తేవడానికి వెళ్ళాం. డ్రైవింగ్ స్కూలు బండే, ఎడమ పక్క కూడా బ్రేకు ఉంటుంది. వచ్చేటప్పుడు, పాత స్టేడియం దాటాక అన్నాను.

"మెడనొప్పి అబద్ధం."

ఆయన ఇండికేటరు వేసి, అద్దంలో వెనక చూసుకుని, మెల్లగా పక్కకు తీసి ఆపారు. హ్యాండ్‌బ్రేకు వేశారు.

"ఎన్నాళ్ళనుంచి?"

ఏది అని అడగలేదు ఆయన. ఎన్నాళ్ళనుంచి అన్నారు.

"నాలుగు నెలలు."

"ఎవరు?"

చెప్పాను.

"నా కళ్ళజోడు కూడా అక్కడే చేయించావు కదా." తీసి చేతిలో పట్టుకుని చూసుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. అది లేకపోతే ఇంటిదాకా బండి నడపలేరు.

పాప సంగతి మొత్తం చెప్పాను. పెన్సిలు, రబ్బరు, ఒంటిగంటా పది, అన్నీ. ఆయన అద్దంలోంచి వెనక వచ్చే బళ్ళను చూస్తూ విన్నారు.

"అయితే ఆ పాప కోసం చెప్తున్నావు. నాకు చెప్పాలని కాదు."

అవునంటే ఒక తప్పు, కాదంటే ఇంకో అబద్ధం.

"మీకు చెప్పేదాన్ని కాదేమో," అన్నాను.

సంచిలో ఆకుకూరలు వాడిపోతున్న వాసన. చివరికి ఆయనే బండి స్టార్టు చేశారు.

"వెళ్ళి చెప్పు. పిల్ల పిల్లే కదా," అన్నారు. "నన్ను మాత్రం రమ్మనకు."

మార్చి 23, సోమవారం

వివరణ రాసి సూపరింటెండెంటు గారికి ఇచ్చాను. రెండు పేజీలు. ఆయన చదివి, ఒక చోట కామా పెట్టి, పైకి పంపించారు. శుక్రవారం కోర్టుకు రమ్మని సాయంత్రమే పిలుపు వచ్చింది.

ఇంటికొస్తే వదిన పొయ్యి దగ్గర ఉంది. ఆయన చెప్పినట్టున్నారు. నా వైపు తిరగకుండానే, "ఈ చేతులతో ఎంతమంది రోగుల్ని చూశానో. లేని నొప్పికి ఇంతకాలం నూనె రాశానంటే నా మీద నాకే సిగ్గుగా ఉంది," అంది.

సిగ్గుపడాల్సింది తను కాదని చెప్పబోయాను. వంటింట్లోంచి వెళ్ళిపోయింది.

మార్చి 25, బుధవారం

అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఎత్తి, ఎల్లుండి కోర్టులో మన సంగతి బయటికొస్తుందని చెప్పాను. "నా పేరు చెప్తావా?" అన్నాడు.

అడిగితే చెప్తానన్నాను. పెట్టేశాడు.

మార్చి 27, శుక్రవారం

అధికారిని ముందు పిలిచారు. కంప్యూటరు సంగతి చెప్పాడు. ఇంకా ఏడాది సర్వీసున్న మనిషి.

తర్వాత నేను. ఆ హాల్లో పంతొమ్మిదేళ్ళుగా బోను పక్కన కూర్చుని వేరేవాళ్ళ మాటలు తెలుగు చేశాను. బోనులోంచి చూస్తే హాలు ఇంకోలా ఉంటుంది. చివరి బెంచీ మీద ఆమె కూర్చుంది, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఇటు పక్క తండ్రి, ఇస్త్రీ మడత చెడని చొక్కా.

అతని లాయరు మర్యాదగానే మొదలుపెట్టాడు. "ఆ రోజు మధ్యాహ్నం ఎక్కడికి వెళ్ళారండీ?"

"సొంత పని మీద."

"రిజిస్టరులో నాలుగు నెలలుగా బుధవారాల్లో ఫిజియోథెరపీ అని ఉంది. అక్కడికేనా?"

"కాదు."

"మరి?"

ఆమె లాయరు లేచి, ఇది కేసుకు సంబంధం లేని ప్రశ్న అన్నాడు. జడ్జిగారు ఒక్క నిమిషం ఆలోచించి, "సాక్షి మాట నమ్మొచ్చా లేదా అన్నది తేలాలి. చెప్పండమ్మా," అన్నారు.

"ఒకాయన్ని కలవడానికి వెళ్ళాను."

"మీవారినా?"

"కాదు."

వెనక ఎవరో దగ్గారు. దగ్గు కాదు అది. బెంచి గుమస్తా రాసుకుంటూ తల ఎత్తలేదు. లాయరు పేరు అడగలేదు, అతనికి అక్కర్లేదు. జడ్జిగారి వైపు తిరిగి, "నాలుగు నెలలు ఇంట్లోనూ ఆఫీసులోనూ అబద్ధం చెప్పిన మనిషి ఇవాళ నిజం చెప్తోందని మనం నమ్మాలి," అన్నాడు.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

జడ్జిగారు నన్నే అడిగారు. "ఆ ఇంగ్లీషు మాటకు మీరు రాసిన అర్థం తప్పంటారా?"

"రిపోర్టులో పడిన మాటే తప్పండి. ఆ సంగతి నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. అడిగితే ఆలస్యమవుతుందని అడగలేదు. రెండోది, ఆ మాటే నిజమనుకున్నా, దాన్ని తాగేవాళ్ళకీ జూదమాడేవాళ్ళకీ కూడా వాడతారు. నేను రాసిన తెలుగు మాట ఆడవాళ్ళ పక్కన పెడితే ఒక్క అర్థమే వస్తుంది. అది తెలిసే రాశాను."

"ఎందుకు?"

"ఆ మాట అప్పటికే నా మనసులో ఉందండి. ఆమె గురించి కాదు."

జడ్జిగారు కలం మూసి పెట్టారు. పాత ఆర్డరు ఆపేశారు. వేరే అధికారి పది రోజుల్లో మళ్ళీ తనిఖీ చేయాలి. అప్పటిదాకా పాప తల్లి దగ్గర ఉంటుంది. నా మీద శాఖాపరమైన విచారణ. అది తేలేదాకా సస్పెన్షన్.

ఆమె చివరి బెంచీ మీదినుంచి లేవలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ భుజం తట్టి చెప్తే గానీ అర్థం కాలేదు.

మార్చి 30, సోమవారం

ముద్రలు, బీరువా తాళాలు అప్పజెప్పడానికి వెళ్ళాను. టీ తాగుతున్నవాళ్ళు నేను రాగానే మాటలు ఆపేశారు. దాటాక మళ్ళీ మొదలైంది. ఏ మాట అంటున్నారో చెవులు రిక్కించక్కర్లేదు. దాని తెలుగు నాదే.

అధికారికి మెమో ఇచ్చారట. పెన్షన్ ఆగదని సూపరింటెండెంటు గారు చెప్పారు.

ఏప్రిల్ 7, మంగళవారం

కొత్త రిపోర్టు వచ్చింది. పాప తల్లి దగ్గరే ఉంటుంది, తండ్రి సెలవుల్లో వచ్చి తీసుకెళ్ళొచ్చు. సూపరింటెండెంటు గారు ఫోన్ చేసి చెప్పారు. ఈసారి ఎవరు తెలుగు చేశారని అడగాలనిపించింది. అడగలేదు.

సంతోషం వేసింది. ఆ సంతోషంలో నాకు వాటా ఉందో లేదో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఆసుపత్రి ముందు బస్టాపులో వాళ్ళు కనిపించారు. నేను కావాలని అటు వెళ్ళలేదు. వెళ్ళాను. ఆమె డ్యూటీ ఎన్నింటికి దిగుతుందో రిపోర్టులో ఉంది.

పాప తల్లి చెయ్యి పట్టుకుని ఒంటికాలి మీద నిలబడింది. "అమ్మా, ఈవిడెవరు?"

"కోర్టులో పనిచేస్తారు. నువ్వెళ్ళి మన బస్సు నంబరు వస్తోందేమో చూడు."

పాప నాలుగడుగులు అటు వెళ్ళింది. ఆమె గొంతు తగ్గించింది.

"మీరొచ్చి చెప్పారు. అది మీకు ఎంత కష్టమో చూశాను. కాదనను."

"నేను..."

"కానీ మేడం, పాప పద్దెనిమిది రోజులు వాళ్ళ నాన్న దగ్గర ఉంది. అమ్మేం చేసిందని రోజూ అడిగిందంట. ఆయన చెప్పాడంట. ఏం చెప్పాడని అడిగితే నాకు చెప్పట్లేదు. నేను పక్కన పడుకుంటే గోడ వైపు తిరిగిపోతోంది. కోర్టు కాగితం మార్చింది సరే. దాని తలలో పడింది ఎవరు మారుస్తారు?"

"నేను మాట్లాడనా పాపతో? తప్పు నాదని చెప్తాను."

"వద్దు." వెంటనే అంది. తర్వాత మెత్తగా, "మీరు వద్దు మేడం. మీ సంగతి కూడా అందరికీ తెలిసిపోయింది కదా. మీతో మాట్లాడుతూ కనిపిస్తే మళ్ళీ..." పాప నిలబడ్డ వైపు చూసింది. "ఏమీ అనుకోకండి."

"అనుకోను."

బస్సు వచ్చింది. పాపను ముందు ఎక్కించి, వెనక తను ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా పాపను ఇటు కూర్చోబెట్టలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

మూడు వారాలుగా ఆయన ముందు గదిలో పడుకుంటున్నారు. పొద్దున్నే వెళ్ళిపోతారు. అన్నం వడ్డిస్తే తింటారు, ఉప్పు తక్కువైతే లేచి తెచ్చుకుంటారు, అడగరు. ఈ రోజు తిన్నాక కంచం తీయబోతుంటే ఆపారు. వదిన వసారాలో పేపరు చదువుతోంది, పేజీ తిప్పడం ఆగిపోయింది.

"ఒకటి అడుగుతాను. మాటలు ఏరుకోకుండా చెప్పు. బుధవారం వస్తే అక్కడికి వెళ్ళాలనిపిస్తుందా?"

"అనిపిస్తుంది."

"వెళ్తావా?"

"వెళ్ళను."

ఆయన మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టారు.

"మొదటిది నమ్ముతాను," అన్నారు. "రెండోదానికి టైము పడుతుంది."

ఎంత అని నేను అడగలేదు.